గంజాయి కట్టే మడవలు

గంజాయి గురించి రెండు ప్రశ్నలు తరచూ వినపడతాయి. కాలేజీ కుర్రాళ్ళు అడిగేది ఒకటి: "మొక్క నుంచి వచ్చిందే కదా, సారా కన్నా సిగరెట్టు కన్నా ఇదే నయం కదా?" కన్నవాళ్ళు అడిగేది వేరు. "ఒకరోజు పగలబడి నవ్వుతాడు. ఇంకోరోజు గుండె ఆగిపోతోందని హడలిపోతాడు. అర్ధరాత్రి వంటింట్లో గిన్నెలన్నీ ఖాళీ చేస్తాడు. పొద్దున చెప్పింది సాయంత్రానికి గుర్తుండదు. ఒక్క పదార్థం ఇన్ని పనులు ఎలా చేస్తుంది?"

ఈ రెండోది చాలా లోతైన ప్రశ్న. శాస్త్రజ్ఞులు కూడా సరిగ్గా ఇదే అడిగారు, జవాబు మొదటి ముక్క 1988 దాకా వాళ్ళకు దొరకలేదు. ఆ జవాబు తెలిస్తే కుర్రాళ్ళ ప్రశ్నకు ఏం చెప్పాలో కూడా తెలుస్తుంది.

జిగురులో ఏముంది

గంజాయిలో ఆడమొక్క వేరు, మగమొక్క వేరు. మత్తంతా ఆడమొక్క పూగుత్తుల్లో ఉంటుంది. ఆ గుత్తుల మీద సన్నటి నూగు, ఒక్కో నూగు కొసన ఒక జిగురుబొట్టు. మొక్క తయారుచేసే మత్తు రసాయనంలో చాలా భాగం ఆ జిగురులోదే. ఆకులు నూరితే భంగు, పూగుత్తులు ఎండబెడితే గంజాయి, జిగురు ఒక్కటే తీసి ఉండ చేస్తే చరస్. మొక్క ఒకటే అయినా ఘాటు వేరు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కూడా ఈ తేడాను పాటించింది. పూగుత్తి, జిగురు చట్టవిరుద్ధం; పూగుత్తి అంటని ఉత్త ఆకూ గింజా గంజాయి నిర్వచనంలోకి రావు. కాశీలో అనుమతి ఉన్న భంగు దుకాణాలు కనిపించడానికీ, మన చింతపల్లి, పాడేరు కొండల్లో పండిన గంజాయిని పోలీసులు నరికి తగలబెట్టడానికీ మధ్య ఉన్నది ఆ గీతే. 2022 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఒక్కచోటే దాదాపు 2 లక్షల కిలోల గంజాయిని కాల్చేశారు. అంటే ఈ అధ్యాయం ఎక్కడో దూరదేశపు సంగతి కాదు.

ఆ జిగురులో ఈ మొక్కకే ప్రత్యేకమైన రసాయనాలు వందకు పైగా ఉన్నాయి. మనకు ముఖ్యమైనవి రెండు. మత్తెక్కించేది టెట్రాహైడ్రోకెన్నాబినాల్, పొడుగు పేరు కాబట్టి అందరూ టీహెచ్‌సీ అంటారు. మత్తెక్కించనిది కెన్నాబిడయాల్, అంటే సీబీడీ. పచ్చిమొక్కలో టీహెచ్‌సీ చాలావరకు మత్తెక్కించని రూపంలోనే ఉంటుంది. వేడి తగిలాకే అది మత్తుమందుగా మారుతుంది. కాల్చి పీల్చడంలో జరిగేది అదే.

నల్లమందు నుంచి మార్ఫిన్‌ను విడదీసింది 19వ శతాబ్దపు తొలి ఏళ్ళలో. గంజాయి అలా లొంగలేదు. దాని సారమంతా నూనెముద్ద, ఒకదాన్నొకటి పోలిన రసాయనాల కలగలుపు. చివరికి 1964లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో రఫాయెల్ మెషూలం, యెహియెల్ గాయొని టీహెచ్‌సీని శుద్ధంగా వేరుచేసి దాని నిర్మాణం తేల్చారు. పరిశోధనకు కావలసిన 5 కిలోల సరుకును మెషూలం పోలీసుల దగ్గరే అడిగి తీసుకుని, మామూలు బస్సులో ప్రయోగశాలకు తెచ్చుకున్నాడు. ఈ వింత వాసన ఏమిటని తోటి ప్రయాణికులు అడిగారట.

ఆ తర్వాత ఇంటికి వచ్చిన పదిమంది మిత్రులకు ఆయన భార్య కేకు పెట్టింది. ఐదుగురి కేకులో కొలిచి వేసిన టీహెచ్‌సీ ఉంది, మిగతా ఐదుగురిదాంట్లో లేదు. తిన్న ఐదుగురూ ఐదు రకాలుగా ఉన్నారు. ఒకరు ఆగకుండా మాట్లాడారు, ఒకరు నోరు తెరిచిన ప్రతిసారీ నవ్వారు, ఒకరిని భయం పట్టుకుంది. మందు ఒకటే, మోతాదు ఒకటే. అయినా ఈ తేడా ఎందుకు?

మెదడు తనకోసం తయారుచేసుకున్నది

చాలాకాలం ఒక ఊహ నడిచింది. టీహెచ్‌సీ కొవ్వులో కరిగే పదార్థం, నాడీకణం చుట్టూ ఉన్న పొర కూడా కొవ్వే, కాబట్టి ఆ పొరలోకి ఇంకి కణాన్ని మొద్దుబారుస్తుందేమో అనుకున్నారు. 1988లో అమెరికాలో సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయంలో ఆలిన్ హౌలెట్, ఆమె విద్యార్థి విలియం డెవేన్ ఆ ఊహను తోసేశారు. ఎలుక మెదడులో టీహెచ్‌సీ లాంటి అణువు అతుక్కోవడానికే ఉన్నట్టున్న చోటు కనిపెట్టారు. ఇలాంటి చోట్లను శాస్త్రజ్ఞులు రిసెప్టర్లు అంటారు. మనం గ్రాహకాలు అందాం. దీనికి సీబీ1 అని పేరు పెట్టారు. అంతకన్నా ఆశ్చర్యం, ఇవి మెదడులో అక్కడొకటి ఇక్కడొకటి కాదు, అత్యధికంగా ఉండే గ్రాహకాల్లో ఇదొకటి. 1993లో రెండో రకం, సీబీ2, దొరికింది. అది ఎక్కువగా రోగనిరోధక కణాల మీద ఉంటుంది.

ఎక్కడో హిమాలయాల దాపున మొలిచే మొక్క కోసం మన మెదడు, పంది మెదడు, పక్షి మెదడు, చేప మెదడు ముందే చోటు అట్టిపెట్టుకుని ఉండవు కదా. ఈ చోట్లలో కూర్చోవలసిన అసలుది ఒంట్లోనే తయారవుతూ ఉండాలి. ఆ వెతుకులాటలో 1992లో మెషూలం బృందం పంది మెదడు నుంచి ఒక అణువును తీసింది. మన 'ఆనందం' నుంచే తీసుకుని దానికి ఆనందమైడ్ అని పేరు పెట్టారు. 1995లో ఇంకోటి బయటపడింది, దాన్ని 2-ఏజీ అంటారు. మెదడులో ఎక్కువ పని చేసేది ఈ రెండోదే.

ఈ రెండింటి స్వభావం గట్టిగా పట్టుకోవాలి, మిగతా కథంతా దాని మీదే నిలిచి ఉంది. చాలా సందేశ రసాయనాలను ముందే తయారుచేసి నిలవ పెట్టుకున్నట్టు మెదడు వీటిని పెట్టుకోదు. అవసరం పడ్డ క్షణాన, అవసరం పడ్డ చోటే, కణపు పొరలోని కొవ్వు నుంచి తయారుచేస్తుంది. పని కాగానే వాటిని ముక్కలు చేసే ఎంజైములు పక్కనే కాచుకుని ఉంటాయి. పుట్టిన చోటే పనిచేసి అక్కడే అంతమైపోతాయి.

కింది మడి కేక

అవి చేసే పనేమిటో తేలింది 2001లో. అమెరికాలో, జపాన్‌లో వేర్వేరు బృందాలు ఇంచుమించు ఒకేసారి తేల్చాయి.

ఒక నాడీకణం పక్కదానికి సందేశం పంపాలంటే, రెండింటి మధ్య ఉన్న సన్నటి ఖాళీలోకి రసాయనం వదులుతుంది. అవతలి కణం దాన్ని అందుకుంటుంది. సందేశం ఎప్పుడూ ఇటు నుంచి అటే పోతుందని పాఠ్యపుస్తకాలు చెబుతూ వచ్చాయి. ఆనందమైడ్, 2-ఏజీ అటు నుంచి ఇటు వస్తాయి.

వరిమడికి నీళ్ళు పెట్టేటప్పుడు పైమడి గట్టు దగ్గర ఒకరు, కింది మడిలో ఒకరు ఉంటారు. నీళ్ళు పై నుంచి కిందికే పారతాయి. కానీ కింది మడి నిండగానే అక్కడున్న మనిషి "చాలు, మడవ కట్టు" అని కేకేస్తాడు. పైవాడు రెండు పారల మట్టి వేసి మడవ కట్టేస్తాడు. నీరు దిగువకు, కేక ఎగువకు. మన మెదడులో అందుకునే కణం వేసే ఆ కేకే 2-ఏజీ. పంపే కణం చివర కూర్చుని ఆ కేక వినేది సీబీ1. కాసేపు రసాయనం వదలడం తగ్గుతుంది. ఎంజైములు కేకను చెరిపేస్తాయి, మడవ మళ్ళీ తెరుచుకుంటుంది. కోట్లాది చోట్ల, క్షణక్షణం, ఎక్కడికక్కడ జరిగే సర్దుబాటు ఇది.

ఇప్పుడు టీహెచ్‌సీ వచ్చింది. దానికి ఏ మడి నిండిందో, ఏ మడి బీటలు వారిందో తెలియదు. రక్తంతో పాటు మెదడంతా పరుచుకుని ఆయకట్టు మొత్తం మీద మడవలు ఒకేసారి కట్టేస్తుంది. పైగా ఆనందమైడ్‌ను క్షణాల్లో చెరిపే ఎంజైములు దీన్ని చెరపలేవు. కాలేయం నెమ్మదిగా వదిలించేదాకా, గంటల తరబడి, కట్టిన మడవ కట్టినట్టే ఉంటుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. కేకు తిన్న ఐదుగురి తేడాకు కొంత జవాబు ఇక్కడే దొరుకుతుంది. నాడీకణాల్లో పక్కదాన్ని ఉసిగొల్పేవి కొన్ని, పక్కదాన్ని అణచేవి కొన్ని. సీబీ1 రెండు రకాల మీదా ఉంది. ఉసిగొల్పే కణం గొంతు తగ్గితే నెమ్మది. అణచేదాని గొంతు తగ్గితే దాని అదుపులో ఉన్నది విజృంభిస్తుంది. డోపమైన్ అనే రసాయనాన్ని వదిలే కణాలను అణచిపెట్టే కణాలు ఇలా మెత్తబడినప్పుడే సుఖానుభూతి, 'మళ్ళీ కావాలి' అనే కోరిక పుడతాయి. తక్కువ మోతాదు నెమ్మదినిస్తే, ఎక్కువ మోతాదు అదే మనిషిని భయంతో వణికించగలదు. ఎవరి మెదడులో ఏ వైపు ఎంత మొగ్గుతుందో పుట్టుక, అలవాటు, ఆనాటి మనఃస్థితి అన్నీ కలిసి నిర్ణయిస్తాయి. ముందుగా ఎవరూ చెప్పలేరు.

ఎక్కడ మడవ కడితే అక్కడి పని

ఇక కన్నవాళ్ళు అడిగిన లక్షణాలు చూద్దాం. కొత్త జ్ఞాపకాలను కూర్చే భాగం హిప్పోకాంపస్. సీబీ1 దట్టంగా ఉన్న చోట్లలో అదొకటి. మత్తులో ఉన్నవాడికి చిన్ననాటి ఊరు గుర్తుంటుంది, ఐదు నిమిషాల కింద మొదలుపెట్టిన వాక్యం గుర్తుండదు. పాత పంట పదిలమే, కొత్త నాటు పడటం లేదు. మత్తులో చదివిన పాఠం నిలవదనడానికి కారణం బద్ధకం కాదు, నిలపాల్సిన యంత్రాంగమే ఆ పూట ఆగిపోయింది.

ఒంటి కదలికలను సరిచూసే చిన్నమెదడులోనూ, కదలికలను మొదలుపెట్టించే లోపలి భాగాల్లోనూ సీబీ1 గ్రాహకాలు చాలా ఎక్కువ. పైగా కాలం సాగినట్టు తోస్తుంది. తాను బాగానే నడుపుతున్నానని బండి మీదున్నవాడు నమ్ముతాడు, బ్రేకు మీద కాలు మాత్రం ఆలస్యంగా పడుతుంది.

శ్వాసను నడిపే మెదడు కాండంలో మాత్రం ఈ గ్రాహకాలు బహుతక్కువ. హెరాయిన్ మోతాదు మించితే ఊపిరి ఆగి చనిపోతారు, గంజాయితో అలా జరగదు. ఇది నిజం, దాచాల్సిన పనిలేదు. అబద్ధం చెప్పి భయపెడితే కుర్రవాడు నిజం చెప్పినప్పుడు కూడా నమ్మడు. అయితే ఊపిరి ఆగకపోవడం వేరు, ప్రమాదం లేకపోవడం వేరు. గంజాయి పీల్చిన కొద్ది నిమిషాల్లో గుండె నిమిషానికి 20 నుంచి 50 సార్లు ఎక్కువగా కొట్టుకుంటుంది. లేచి నిలబడితే రక్తపోటు పడిపోయి కళ్ళు తిరుగుతాయి. గుండెపోటు వచ్చిన 3,882 మందిని పరిశీలించి 2001లో అమెరికాలో ప్రచురించిన అధ్యయనంలో, గంజాయి పీల్చిన తర్వాతి గంటలో గుండెపోటు వచ్చే అవకాశం 4.8 రెట్లని తేలింది. గుండెజబ్బు ఉన్నవాళ్ళూ వయసు మళ్ళినవాళ్ళూ దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కళ్ళు ఎర్రబడటం అక్కడి రక్తనాళాలు వ్యాకోచించడం వల్ల, నోరెండటం లాలాజల గ్రంథుల మీది గ్రాహకాల వల్ల.

ఆకలి కథ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆకలిని చూసుకునే హైపోథలామస్‌లోనూ సీబీ1 ఉంది. గంజాయి తాగినవాడి ఆకలి పుట్టే చోట్లలో అదొకటి. అలాగైతే ఈ గ్రాహకాన్ని పనిచేయనివ్వకుండా మూసేస్తే ఆకలి తగ్గి, లావు తగ్గాలి కదా? సరిగ్గా అలాంటి మందే తయారైంది. పేరు రిమొనబాంట్. 2006లో యూరప్‌లో అనుమతి వచ్చింది. బరువు నిజంగానే తగ్గారు. కానీ వాడినవాళ్ళలో కొందరు తీవ్రమైన దిగులులో కూరుకుపోయారు, ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయి. 2008లో మందును వెనక్కి తీసుకున్నారు. ఈ విఫలమైన మందు నేర్పింది చాలా పెద్ద పాఠమని నా అభిప్రాయం. మనం రోజూ మామూలుగా, స్థిమితంగా ఉండగలగడంలో లోపలి ఆ చిన్నచిన్న కేకలకు ఎంత పాత్ర ఉందో, వాటి నోరు నొక్కాకే అర్థమైంది.

ఇదే వ్యవస్థ వాంతిని అణచగలదు. కానీ ఏళ్ళ తరబడి రోజూ వాడేవాళ్ళలో కొందరికి తిరగబడి, ఆగని వాంతులు పట్టుకుంటాయి. 2004లో ఆస్ట్రేలియా వైద్యులు దీన్ని గుర్తించి రాశారు. వేడినీళ్ళ స్నానం చేస్తే ఉపశమనం కలగడం దీని గుర్తు. డాక్టరుకు గంజాయి సంగతి చెప్పకపోవడం వల్ల ఇలాంటివాళ్ళు అనవసరమైన పరీక్షలు ఎన్నో చేయించుకుంటారు. వాంతులు పూర్తిగా ఆగాలంటే గంజాయి మానడం ఒక్కటే దారి.

పీల్చడం వేరు, తినడం వేరు

పీల్చినది ఊపిరితిత్తుల నుంచి క్షణాల్లో మెదడు చేరుతుంది, రెండు మూడు గంటల్లో చాలావరకు దిగుతుంది. ఆ పొగలోనూ బీడీ పొగలో లాగే తారు, కార్బన్ మోనాక్సైడ్ ఉంటాయి. దగ్గు, కఫం, శ్వాసనాళాల వాపు వస్తాయి. మన దగ్గర పొగాకుతో కలిపి చుట్టడం ఎక్కువ కాబట్టి పొగాకు కీడు అదనం.

తిన్నది ముందు కాలేయం గుండా పోవాలి. అక్కడ టీహెచ్‌సీ మరింత ఘాటైన రూపంలోకి మారుతుంది. మత్తు మొదలవడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల తరచూ పట్టుబడుతున్న గంజాయి చాక్లెట్లలో ప్రమాదమంతా ఈ ఆలస్యంలోనే ఉంది. ఒకటి తిని ఏమీ కాలేదని రెండోది తింటారు, రెండూ ఒకేసారి ఎక్కుతాయి. మామూలు చాక్లెట్ అనుకుని పసిపిల్లలు తింటే మగతలోకి జారి ఆసుపత్రిపాలవుతారు.

పాతకాలంలో బైరాగులు తాగలేదా అనేవాళ్ళు ఒకటి గమనించాలి. అమెరికాలో పట్టుబడిన సరుకులో టీహెచ్‌సీ 1995లో సుమారు 4 శాతం, 2014 నాటికి సుమారు 12 శాతం. మత్తు పెంచే విత్తనాలనే ఏరుకుంటూ పోయిన ఫలితమిది. ఇక 'స్పైస్', 'కే2' పేర్లతో వచ్చే కృత్రిమ సరుకు గంజాయే కాదు. టీహెచ్‌సీ గ్రాహకాన్ని పాక్షికంగా పనిచేయిస్తే, అవి పూర్తిగా పనిచేయిస్తాయి. మూర్ఛలు వచ్చాయి, మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, చనిపోయినవాళ్ళూ ఉన్నారు.

పదిహేనేళ్ళ మెదడు

ఈ అధ్యాయంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే భాగం ఇది. నలభై ఏళ్ళవాడి మెదడులో కాలువలు, గట్లు ఏనాడో కుదురుకున్నాయి. పదిహేనేళ్ళవాడి మెదడులో అవి ఇప్పుడే వేస్తున్నారు. ఏ దారి ఉంచాలి, ఏ దారి పూడ్చాలి అనే నిర్ణయాలు రోజూ జరుగుతుంటాయి. ముందుచూపు, నిగ్రహం, బేరీజు వేసుకోవడం నేర్పే నుదుటి వెనక భాగం ఇరవై అయిదేళ్ళ దాకా తయారవుతూనే ఉంటుంది. ఏ దారిలో ఎంత పారుతోందో చూసి ఈ నిర్ణయాలు చేయడంలో సీబీ1 వ్యవస్థకు కూడా చేయి ఉంది. సరిగ్గా ఆ పని నడుస్తుండగా రోజూ మడవలన్నీ కట్టేస్తే, గట్లు ఎక్కడ పడాలో అక్కడ పడవు.

స్వీడన్‌లో 1969-70లో సైన్యానికి పేర్లు నమోదు చేసుకున్న 45,570 మంది కుర్రాళ్ళను పదిహేనేళ్ళ పాటు గమనించారు. అప్పటికే 50 సార్లకు మించి గంజాయి తాగినవాళ్ళలో స్కిజోఫ్రీనియా, అంటే లేని మాటలు వినపడటం, లేని శత్రువులు కనపడటం లాంటి లక్షణాలున్న తీవ్ర మానసిక వ్యాధి, తాగనివాళ్ళలో కన్నా 6 రెట్లు కనిపించింది. మానసిక సమస్య మొలకెత్తుతున్నవాళ్ళే గంజాయి వైపు పోతున్నారేమో అన్న అనుమానం న్యాయమైనదే, తర్వాతి పరిశోధనల్లో ఆ లెక్క తీసేసినప్పుడు సంఖ్య తగ్గింది కానీ సంబంధం పోలేదు. 2019లో యూరప్‌లోనూ బ్రెజిల్‌లోనూ కలిపి 11 చోట్ల చేసిన అధ్యయనంలో, ఘాటైన రకం రోజూ వాడేవాళ్ళకు ఇలాంటి మతిభ్రమ వచ్చే అవకాశం దాదాపు 5 రెట్లని తేలింది. తాగినవాళ్ళలో ఎక్కువమందికి ఈ జబ్బు రాదు. ఇంట్లో తల్లికో మేనమామకో ఇలాంటి జబ్బు ఉంటే మాత్రం ఆ ఇంటి పిల్లాడికి గంజాయి అందరికన్నా ఎక్కువ ప్రమాదం.

తెలివితేటల మాట అంత తేటగా లేదు. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన 1,037 మందిని 38 ఏళ్ళు వచ్చేదాకా గమనించారు. కౌమారంలో మొదలుపెట్టి మానకుండా వాడినవాళ్ళ ఐక్యూ సుమారు 8 పాయింట్లు పడిపోయింది. పెద్దయ్యాక మొదలుపెట్టినవాళ్ళలో అలా పడలేదు. అయితే కవల పిల్లలను పోల్చిన తర్వాతి పరిశోధనలు ఈ తగ్గుదలలో పెంపకానికీ వంశానికీ వాటా ఉందన్నాయి. గర్భిణుల విషయంలో మాత్రం తటపటాయింపు అక్కర్లేదు. టీహెచ్‌సీ మాయను దాటి బిడ్డకు చేరుతుంది, తల్లిపాలలోనూ దిగుతుంది, తక్కువ బరువుతో పుట్టే పిల్లలు ఎక్కువవుతారు.

మందుగా

1839లో కలకత్తాలో విలియం ఒషానెస్సీ అనే వైద్యుడు గంజాయి సారంతో చేసిన చికిత్సల గురించి రాశాడు. ధనుర్వాతపు బిగింపులు సడలడం, ఒక పసిబిడ్డ మూర్ఛలు ఆగడం అందులో ఉన్నాయి. 2018లో అమెరికా ఔషధ సంస్థ, పిల్లల్లో వచ్చే రెండు మొండి మూర్ఛవ్యాధులకు శుద్ధిచేసిన సీబీడీని మందుగా అనుమతించింది. ప్రయోగశాలలో చేసిన టీహెచ్‌సీ 1985 నుంచే క్యాన్సర్ చికిత్సలో వచ్చే వాంతులకు ఉంది. అన్నిచోట్లా ఉన్న గ్రాహకం కాబట్టే ఇన్నిటికి పనికొస్తుంది, అదే కారణంగా ఇన్ని చోట్ల పాడూ చేస్తుంది. ఈ మందులు కొలిచిన మోతాదులో, ఏ జబ్బుకో తేల్చుకుని ఇచ్చేవి. వీధిలో కొన్న పొట్లానికి ఆ కొలతా లేదు, అందులో ఏముందో చెప్పేవాడూ లేడు.

మానేసిన తర్వాత

గంజాయి అలవాటు కాదని చాలామంది గట్టిగా నమ్ముతారు. వాడినవాళ్ళలో నూటికి 9 మంది దానికి లోబడతారని, కౌమారంలో మొదలుపెట్టినవాళ్ళలో అది నూటికి 17 దాకా పోతుందని అమెరికా అంచనాలున్నాయి. 2019లో వెలువడిన ఎయిమ్స్ సర్వే ప్రకారం మన దేశంలో ఏడాదిలో భంగు, గంజాయి, చరస్ వాడినవాళ్ళు సుమారు 3.1 కోట్లు, వాళ్ళలో సుమారు 72 లక్షల మందికి సహాయం అవసరం.

రోజూ మడవలు కడుతుంటే మెదడు ఊరుకోదు, గ్రాహకాలను తగ్గించుకుంటుంది. 2012లో మెదడు చిత్రాలు తీసి చూస్తే రోజూ వాడేవాళ్ళ మెదడు పైపొరలో సీబీ1 సుమారు 20 శాతం తక్కువగా ఉంది. మోతాదు పెంచితే తప్ప మత్తు రాకపోవడానికి ఇదొక కారణం. మానేసిన నాలుగు వారాల్లో అవి చాలావరకు మామూలు స్థాయికి వచ్చాయి. మూత్రపరీక్షలో ఆనవాళ్ళు కూడా కొందరిలో అంతకాలం కనిపిస్తాయి, కొవ్వులో దాగినది మెల్లగా కారుతుంది కనుక. అది కనిపించినంత మాత్రాన మానలేదని కాదు.

ఆ నాలుగు వారాల్లో మొదటి వారమే గడ్డుది. గ్రాహకాలు తక్కువ, టీహెచ్‌సీ లేదు, సొంత కేకలు సరిగా వినపడవు. నిద్ర పట్టదు, పడితే భయంకరమైన కలలు, అన్నం సయించదు, చీటికిమాటికి కోపం. ఇంట్లోవాళ్ళు దీన్ని తప్పుగా అర్థం చేసుకోవడమే నాకు బాధ కలిగించే విషయం. తాగిన రోజుల్లో మెతకగా ఉన్నవాడు మానాక మీద పడుతుంటే, "మానానని అబద్ధమాడుతున్నాడు" అనో "పొగరు పెరిగింది" అనో తిడతారు. అప్పటికి వాడు నిజంగా మానేసి ఉంటాడు. ఆ రోజుల్లో కావలసింది వేళకు అన్నం, నిద్రకు డాక్టరు సాయం, మాట్లాడే మనిషి. ఈ అలవాటును మాన్పించే ప్రత్యేకమైన మాత్ర ఇంతవరకు లేదు. ఓపికగా నడిపే కౌన్సెలింగే చికిత్స.

ఆసుపత్రికి తీసుకెళితే పోలీసు కేసవుతుందని వెనకాడేవాళ్ళు మాదకద్రవ్యాల చట్టంలోనే 64ఎ సెక్షన్ ఉందని తెలుసుకోవాలి. గంజాయి సేవించిన నేరం, లేదా కొద్ది పరిమాణం దొరికిన నేరం ఉన్న వ్యసనపరుడు తనంత తాను గుర్తింపున్న చోట చికిత్సకు చేరి పూర్తిచేస్తే ప్రాసిక్యూషన్ నుంచి ఆ సెక్షన్ రక్షణ ఇస్తుంది. ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోతే 14416కు ఫోన్ చేయవచ్చు. అది టెలి మానస్, కేంద్రప్రభుత్వం నడిపే ఉచిత మానసిక ఆరోగ్య సేవ, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడతారు.